గెడ్డేపు కుర్చీ

మొన్న నేను పనిచేసే గెస్ట్‌హౌస్‌లో దిగిన ఒక ఇటలీ పెద్దాయన కళ్ళజోడు కనిపించక గదంతా తలకిందులు చేస్తున్నాడు. కాఫీ తోటలు చూడటానికి వచ్చిన మనిషి. కళ్ళజోడు లేకపోతే కళ్ళజోడు వెతుక్కోవడం కూడా కష్టమే కదా. నేను గుమ్మంలో నిలబడే ఆయన భాషలో చెప్పాను, అది కిటికీ గట్టు మీద ఉంది, పరదా పక్కన, కొండవైపు అని. ఆయన వెళ్ళి తీసుకున్నాడు, తుడుచుకుని పెట్టుకున్నాడు, అప్పుడు నన్ను వింతగా చూశాడు.

"కుడివైపు అంటారు గానీ గదిలో వస్తువుని కొండవైపు ఉందని ఎవరైనా అంటారా? ఎవరమ్మా నీకు మా భాష నేర్పింది?" అన్నాడు.

అరకు సంతవీధిలో కిరాణా కొట్టువాళ్ళ అమ్మాయికి ఇటాలియన్ ఎవరు నేర్పారంటే ఒక్క ముక్కలో చెప్పడం కుదరదు. నేర్పినావిడ కిందటి వానల్లో చనిపోయింది. ఊరంతా ఆవిణ్ణి ఆయమ్మ అనేవాళ్ళు. ఒక పేరు ఉండేది గానీ, ఆ పేరు పెట్టి పిలిస్తే మాత్రం, "ఆ పేరు రేషన్ కార్డుకి ఇచ్చీసేను. మీరు ఆయమ్మ అనండి" అనేది.

మా అరకుకి దగ్గర్లోనే కొండమీద ఆవిడ ఊరు. ఒకప్పుడు ఆ ఊరి పక్కన ఇటలీ సిస్టర్లు ఒక చిన్న ఆసుపత్రి నడిపేవారట. ఆయమ్మ పరికిణీల వయసులో అక్కడ ఊడవడానికి చేరింది. చీపురు ఎంతో కాలం పట్టలేదు. డాక్టర్ సిస్టర్ పని చేసేటప్పుడు తల తిప్పే మనిషి కాదట. రోగి మీద చూపు రోగి మీదే ఉంచి, చెయ్యి వెనక్కి చాపి, "దొవె?" అనేది. ఎక్కడుంది అని. కత్తెర దొవె, దూది దొవె, వేడినీళ్ళు దొవె. ఆయమ్మ ఎక్కడుందో చెప్పి చేతికందించేది. అదే ఆవిడ బడి, అదే పుస్తకం. అందుకని ఆయమ్మ ఇటాలియన్ అంతా ఒక్క గదిలోనే ఉండేది. బల్ల, కుర్చీ, సొరుగు, కిటికీ, మంచం. పైన, కింద, లోపల, వెనక, ముందు, పక్కన, మధ్య. ఆ గది దాటితే ఆవిడకి ఆ భాషలో ఆకలేస్తోందని చెప్పడం కూడా రాదు. కానీ ఆ గదిలో ఆవిడని మించినవాళ్ళు లేరు.

"ఆయా అంటే ఏటనుకున్నావు?" అనేది గడ్డం పైకెత్తి. "డాక్టరమ్మ పేనాలు పోసింది, నిజవేఁ. మరి డాక్టరమ్మ సేతిలో కత్తెర పోసిందెవరు?"

ఆ కొండవైపు సంగతీ అక్కడిదే. ఆ ఊళ్ళో ఇళ్ళన్నీ ఏటవాలు మీద ఉంటాయి. ఒక గోడ కొండని ఆనుకుని, ఎదుటి గోడ కింద పారే గెడ్డ వైపు. అందుకని అక్కడెవరూ కుడి, ఎడమ అనరు. కొండేపు, గెడ్డేపు అంటారు. అన్నం కుండ కొండేపు, నీళ్ళ బిందె గెడ్డేపు. నాకు పాఠం రాకపోతే ఆయమ్మ "కొండేపు సెవి ఇలా తే" అని మెలిపెట్టేది. నేను తిరిగి కూర్చుంటే అదే చెవి గెడ్డేపుది అయిపోతుందని నాకు కొన్నాళ్ళకి గానీ తట్టలేదు. తట్టాక కూడా లాభం లేకపోయింది, ఆవిడ రెండోదీ పట్టుకునేది.

డాక్టర్ సిస్టర్ మొదట్లో కుడీ ఎడమే అనేదట. బల్లకి ఆవిడ అటు, ఆయమ్మ ఇటు. ఆవిడ కుడి ఆయమ్మకి ఎడమ. కత్తెర ఒకవైపు, చెయ్యి ఒకవైపు. చివరికి ఆయమ్మ మొహాన చెప్పేసిందట: "అమ్మా, నీ సెయ్యి నువ్వు తిరిగినప్పుడల్లా తిరుగుతాది. కొండ తిరగదు." ఆ రోజు నుంచి డాక్టర్ సిస్టర్ కూడా కొండవైపు, గెడ్డవైపు అనే అడిగింది. దాన్ని తమ భాషలో ఏమనాలో తనే నేర్పింది. కొండవైపు అంటే దల్లా పార్తె దెల్ మొంతె. ఈ కథ చెప్పేటప్పుడు ఆయమ్మ మొహం చూడాలి. ఇటలీకి ఒక మాట అమ్మినంత దర్జాగా ఉండేది.

ఆసుపత్రి మూసేసి సిస్టర్లు వెళ్ళిపోతూ నీకేం కావాలని అడిగితే డాక్టర్ సిస్టర్ కూర్చునే చేతుల కుర్చీ అడిగింది. దాన్ని తలమీద పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంది. కిటికీ పక్కన, గెడ్డేపు గోడ దగ్గర వేసుకుంది. మేం పాఠానికి వెళ్ళేనాటికి ఆ కుర్చీ నాలుగు కాళ్ళూ మట్టినేలలో గుంటలు చేసుకుని స్థిరపడిపోయి ఉన్నాయి.

మేం అంటే నలుగురైదుగురు అమ్మాయిలం. కాఫీ పేరు బయటికి పోయి విదేశాల వాళ్ళు రావడం మొదలయ్యాక, వాళ్ళ భాషలో నాలుగు ముక్కలు వస్తే రిసార్టుల్లో మంచి పని దొరుకుతుందని మా ఆశ. మా నాన్న పడీ పడీ నవ్వాడు.

"ఇటలీ బాసేటే గుంటా? ముందు ఒడియా నేర్సుకో, సంతలో బేరాలకైనా అక్కరకొత్తాది" అన్నాడు. అన్నాడే గానీ, వెళ్ళేటప్పుడల్లా ఆయమ్మకి బెల్లం పొట్లం కట్టి ఇచ్చేవాడు.

ఆయమ్మకి అప్పటికే చూపు పోయింది. నీరుకాసులు. విశాఖలో పెద్దాసుపత్రి వాళ్ళు కూడా ఇక రాదన్నారు. ఆవిడ ఆ విషయం దాచలేదు, దాని గురించి ఏడవనూ లేదు. గోడకి ఒక అద్దం ఉండేది. మేం వచ్చిన అలికిడి కాగానే వెళ్ళి దాని ముందు నిలబడి తల నున్నగా దువ్వుకుని ముడి సరిచేసుకునేది. మాలో ఒకతి నవ్వు ఆపుకోలేక, "కనిపించదు కదా ఆయమ్మా" అంది.

"నాకు కళ్ళు నేవు గానీ దానికున్నాయి కదే" అంది ఆయమ్మ.

పాఠం ఎప్పుడూ కుర్చీలో కూర్చునే చెప్పేది. కర్ర పట్టేది కాదు, చూపుడువేలే కర్ర.

"మనం ముందు బల్ల తెచ్చీసి ఆనక 'మీద' అంటాం. ఆళ్ళు అలక్కాదు. ముందు 'మీద' అనీసి, దాన్ని అలగే గాల్లో ఆపుంచి, అప్పుడు దాని కిందకి బల్ల తోత్తారు. సుల్ తావొలో. అను."

"సుల్ తావొలో."

"వస్తువొకటే ఉంటే చె, ఉన్నాదని. రెండోది వొచ్చిందా, చి సోనో, ఉన్నాయని. బల్ల మొగోడు. కుర్సీ ఆడది. మంచం మొగోడు."

"మంచం ఎందుకు మొగాడు ఆయమ్మా?"

"ఏ పనీ సెయ్యదు గదే. పడుంటాది. కుర్సీ సూడు, కూకున్నోళ్ళ బరువంతా మోత్తాది."

ఒకసారి నేను తెలివి చూపించబోయాను. నిన్న వాన కురిసింది అని ఇటాలియన్‌లో ఎలా అనాలని అడిగాను. ఆయమ్మకి నిన్నలు, రేపులు ఆ భాషలో రావు. రావని ఒప్పుకునే రకమూ కాదు. "నిన్నతో నీకేటి పని? కత్తెర నిన్నెక్కడుంటే డాక్టరమ్మకేటి? ఇప్పుడెక్కడున్నాదో సెప్పు" అంది. నేను నోరు మూసుకుని కత్తెర ఎక్కడుందో చెప్పాను.

ఆ ఇంట్లో ఏ వస్తువూ జానెడు కదిలేది కాదు. కాఫీ గుండ డబ్బా పొయ్యి పక్కన కొండేపు గూట్లో, కప్పులు కిటికీ గట్టు మీద, సొరకాయ బుర్ర తలుపు వెనక మేకుకి. ఆయమ్మ లేచి నడిచి, చెయ్యి చాపి, ఏది కావాలంటే అది తడుముకోకుండా అందుకునేది. కొత్తవాళ్ళెవరైనా వస్తే ఈవిడకి చూపు లేదంటే నమ్మేవారు కాదు. ఆ నమ్మకపోవడం ఆవిడకి భలే ఇష్టం.

ఆవిడ ఒంటరిగా ఉంటోందన్న కబురు ఎలా వెళ్ళిందో ఆ సిస్టర్ల మఠానికి వెళ్ళింది. ఇటలీ నుంచి ఒక పెద్ద సిస్టర్ వస్తోందని, ఆయమ్మని కింద మైదానంలో తమ వృద్ధాశ్రమానికి తీసుకుపోతుందని చర్చి ఫాదర్ వచ్చి చెప్పారు. మంచి ఆలోచనే, ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. అక్కడ మంచం, మందులు, చూసుకునే మనుషులు. ఆయమ్మ మాత్రం కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

"ఆ ఇంట్లో కొండ ఎటున్నాదో నాకెవలు సెప్తారు?" అంది. గడ్డం పైకెత్తి, "రమ్మనండి. నా సేత్తో కాఫీ కాసి పోత్తాను. సుక్క వొలికితే ఆ కారెక్కీసి ఎల్లిపోతాను. వొలక్కపోతే ఆవిడొక్కతే ఎల్తాది" అంది.

అదీ పందెం. పందెం కాసింది ఆవిడే.

ఆ ఊరికో పద్ధతుంది. ఒక ఇంటికి దూరం నుంచి పెద్దమనిషి వస్తున్నారంటే చుట్టుపక్కల ఆడవాళ్ళే ఆ ఇల్లు అలుకుతారు. ఇంటివాళ్ళు చెయ్యి వెయ్యకూడదు, వద్దనకూడదు. వద్దంటే మీ ఊరి మర్యాద నాకక్కర్లేదని అన్నట్టు. సిస్టర్ వచ్చే రోజు పొద్దున్న, ఆయమ్మ గెడ్డకి స్నానానికి వెళ్ళగానే పక్కింటి బుద్రి, మరో ఇద్దరూ చేరి సామానంతా బయటపెట్టి, ఎర్రమన్నూ పేడా కలిపి నేలా గోడలూ నున్నగా అలికేశారు. చుట్టూ తెల్లసుద్దతో గీతలు కూడా గీశారు. నేలంతా ఆరకముందే, అంచుల్లోంచి నడుచుకుంటూ, సామాను తిరిగి లోపల సర్దారు.

నేను వెళ్ళేసరికి ఆయమ్మ అరుగు మీద కూర్చుని తడితల ఆరబెట్టుకుంటోంది. తడిమట్టి వాసనకి ముక్కు ఎగబీలుస్తోంది.

"బుద్రీ, అలికినారేటి?"

"అవునాయమ్మా."

"ఎక్కడియ్యక్కడే ఎట్టినారా?"

"ఎట్టినాం. ఇంకా అందంగా ఎట్టినాం" అంది బుద్రి సంబరంగా.

ఆయమ్మ దువ్వెన ఆగిపోయింది. ఆ "ఇంకా అందంగా" నాకూ నచ్చలేదు. లోపలికి వెళ్ళి చూద్దామంటే నేల ఇంకా తడి, అడుగు పెడితే అచ్చు పడుతుంది. ఇంతలో మలుపులో కారు హారన్ వినిపించింది.

సిస్టర్ పొడుగ్గా, నెమ్మదిగా ఉంది. నాకప్పటికి ఫోన్లో పాఠాలు విని ఇటాలియన్ కొంత పెరిగింది కనక ఆవిడ మాటలు బాగానే అందుతున్నాయి. ఆయమ్మ చేతులు రెండూ పట్టుకుని చాలాసేపు వదల్లేదావిడ. నేల ఆరాక ఆయమ్మ లేచి, పమిట సర్దుకుని, ముందు తనే ఇంట్లోకి నడిచింది. వెనక సిస్టర్, ఆ వెనక మేం, గుమ్మం బయట ఊరు.

ఆయమ్మ తిన్నగా కిటికీ దగ్గరికి వెళ్ళి కుర్చీ వీపు కోసం చెయ్యి చాపింది. అక్కడ కుర్చీ లేదు. ఆ నాలుగు గుంటలూ కూడా లేవు, మట్టితో పూడ్చి నున్నగా అలికేశారు. చెయ్యి గాల్లో ఆగింది.

ఊరంతా చూస్తోంది. బుద్రి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, అప్పుడు తెలిసింది ఆమెకి తను చేసిన పనేమిటో. సిస్టర్ మొహంలో జాలి కనిపించింది, ఆయమ్మని పట్టుకోవడానికి ఒక అడుగు ముందుకు వేసింది. నేనూ కదలబోయాను.

ఆయమ్మ ఆ చెయ్యి దించలేదు. నాలుగు వేళ్ళు ముడిచి చూపుడువేలు మిగిల్చింది. అది పాఠం చెప్పే వేలు. మెల్లగా మా వైపు తిప్పింది.

"దొవె లా సెదియా?" అంది, బడిలో అడిగినట్టే. కుర్చీ ఎక్కడుంది?

ఒక్క క్షణం ఎవరికీ అందలేదు. తర్వాత నా గొంతు దానంతటదే లేచింది. "దవాంతి అల్ లెత్తో!" మంచం ముందు.

"కొండేపా, గెడ్డేపా?"

"దల్లా పార్తె దెల్ మొంతె!"

ఆయమ్మ తిరిగింది, నడిచింది, కుర్చీ వీపు మీద చెయ్యి వేసింది. సిస్టర్‌ని అందులో కూర్చోమని సైగ చేసింది. తర్వాత కప్పులు అడిగింది. నా పక్కనున్న అమ్మాయి పెట్టె మీద ఉన్నాయని చెప్పింది, చి సోనో ఎక్కడ రావాలో అక్కడ వచ్చేలా. నీళ్ళు అడిగింది. తలుపు వెనక అని ఇంకో అమ్మాయి. వేలు చూపించడం, జవాబు రావడం, ఆయమ్మ వెళ్ళి అందుకోవడం. తప్పు చెబితే ఆగి దిద్దేది కూడా. అంత పరువు గండంలోనూ దిద్దింది!

"దొవె ఇల్ కఫ్ఫె?"

ఎవరికీ తెలియలేదు. గూట్లో లేదు, పొయ్యి దగ్గర లేదు. కాఫీ గుండ లేకపోతే పందెమే లేదు.

అప్పుడు గుమ్మం బయట నుంచి బుద్రి అరిచింది. "సొత్తో! సొత్తో లా లెత్తో!"

మంచం కింద. బుద్రి ఒక్క రోజు కూడా పాఠానికి వచ్చి కూర్చున్నది కాదు. పక్కింటి గోడ అవతల చోళ్ళు విసురుతూ, చేటతో చెరుగుతూ ఇన్నాళ్ళూ వింటూనే ఉందన్నమాట. మేమంతా వెనక్కి తిరిగి చూశాం. ఆమె కళ్ళనిండా నీళ్ళు.

"ఇల్ లెత్తో" అంది ఆయమ్మ వంగి డబ్బా అందుకుంటూ. "మంచం మొగోడని ఎన్నిసార్లు సెప్పాలే?"

ఊరు గొల్లుమంది. సిస్టర్ నవ్వు ఆపుకోవడానికి మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

కాఫీ కాగింది. ఆయమ్మ కప్పు అంచున వేలి కొస ఆనించి పోసింది, ఎక్కడ నిండిందో వేడి చెబుతుంది. రెండు చేతులతో తెచ్చి సిస్టర్‌కి అందించింది. కొత్తగా అలికిన ఎర్రనేల మీద, తెల్లసుద్ద గీతల మీద, చుక్క పడలేదు. నేను వంగి మరీ చూశాను.

సిస్టర్ కాఫీ అంతా తాగింది. తాగి, చాలా మెత్తగా, అడగాల్సిన మాటే అడిగింది. "ఈ అమ్మాయిలు లేని రోజున?" అంది. ఆ ప్రశ్న నేను తెలుగు చేసి చెప్పాను.

ఆయమ్మ తెలుగులో జవాబిస్తుందనుకున్నాను. ఇవ్వలేదు. నిటారుగా నిలబడి, తన దగ్గరున్న ఆ ఒక్క గది భాషనే తీసి, ఇంటి బయట పరిచింది. వేలు పక్కింటి వైపు చాపి, "అక్కాంతో చె బుద్రి" అంది. పక్కన బుద్రి ఉంది. "దవాంతి చి సోనో లె రగాత్సె." ముందు ఆడపిల్లలు ఉన్నారు. "దియెత్రో చె ఇల్ మొంతె." వెనక కొండ ఉంది. ఆ వేలు చివరికి తన గుండె మీద పెట్టుకుంది.

"ఇయో సోనో ఇన్ మెద్జో."

నేను మధ్యలో ఉన్నాను.

అంతకన్నా ఇటాలియన్ ఆవిడకి రాదు. అంతకన్నా ఆ పూట అక్కర్లేకపోయింది. సిస్టర్ లేచి ఆయమ్మని కావలించుకుంది. కారు ఒక్క మనిషితోనే కిందకి వెళ్ళింది. నాకు ఈ ఉద్యోగం వచ్చినప్పుడు గానీ, మా నాన్న కొట్లో అందరికీ చెప్పుకున్నప్పుడు గానీ, నా ఛాతీ ఆ పూట పొంగినంత పొంగలేదు.

ఆయమ్మ ఆ ఇంట్లోనే, తన మంచం మీదే పోయింది. వానల్లో, బుద్రి చేతిలో చెయ్యి ఉంచి. దినాలకి ఆడవాళ్ళు మళ్ళీ ఇల్లు అలికారు. ఈసారి బుద్రి సామాను బయటికి తీసేటప్పుడు ఒక్కొక్కదాని చోటూ పైకి అనుకుంటూ తీసింది, మళ్ళీ అనుకుంటూ పెట్టింది. గెడ్డేపుకి తిరిగొచ్చిన కుర్చీ మళ్ళీ చేసుకున్న కాళ్ళ గుంటలు పూడ్చనివ్వలేదు. వాటి చుట్టూ తిప్పి అలికించింది. ఇప్పుడు ఆ ఇంట్లో నేను సెలవు రోజుల్లో పాఠం చెబుతున్నాను. నాకు నిన్నలూ రేపులూ కూడా వచ్చు, అవీ చెబుతాను. కానీ మొదలు ఆ గదితోనే.

ఇదంతా ఆ కళ్ళజోడు పెద్దాయనకి వరండాలో కూర్చోబెట్టి చెప్పాను. ఆయన వింటూ వింటూ కాఫీ చల్లార్చుకున్నాడు. ఆయమ్మ కిందటి వానల్లో పోయిందన్న సంగతి ఒక్కటే చెప్పలేదు, నోరు రాలేదు. కథ అయ్యాక ఆయన ఆత్రంగా, "ఆవిణ్ణి చూడాలి. దొవె?" అన్నాడు.

ఆ మాట వినగానే నా వీపు దానంతటదే నిటారుగా అయింది. పోయింది, ఉండేది అనే మాటలన్నీ ఆ భాషలో నాకు వచ్చు. వాటితో నాకేం పని?

"చర్చి వెనక ఉంది" అన్నాను. "కొండవైపు."

ఆయనకి అర్థమైంది. కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"రేపు తీసుకెళ్తాను. ముందు ఆవిడ ఇల్లు చూద్దురుగాని. కూర్చోవాలనిపిస్తే కూర్చోండి," అన్నాను, "కుర్చీ మాత్రం కదపకండి."